ఫెస్టీ ఎవరి పిల్లాడు?

ఫెస్టీ ముక్కు తుడవడం నాబ్లా పని. వాడికి అయిదేళ్ళు, ఆమెకు పదకొండు. ఐర్లండ్‌లోని గాల్వే రేవులో ఓడ ఎక్కిన రోజు కారడం మొదలుపెట్టిన ముక్కు అది. సముద్రమంతా కారింది, బోస్టన్ ఎదుట జబ్బు మనుషుల్ని దింపే దీవిలో కారింది, ఇప్పుడు ఈ కొండవాలు ఇంట్లోనూ కారుతోంది. ఆ దీవి ఆసుపత్రిలో తల్లి ఆఖరిసారి కళ్ళు తెరిచినప్పుడు, దేవుడి మాటో ఊరి మాటో ఏదో పెద్ద మాట చెబుతుందని నాబ్లా వంగి చెవి దగ్గర పెట్టింది. తల్లి అన్నది ఒకటే. "వాడి ముక్కు చూడవే, ఎలా ఉందో."

తండ్రి అంతకు ముందు ఏడే పోయాడు. బంగాళదుంపలు మడిలోనే నల్లబడి కుళ్ళిపోయిన రెండో కరువు ఏడు అది. ఇక మిగిలింది ఇద్దరు. నాబ్లా రోజుకు నాలుగైదుసార్లు లెక్క చూసుకునేది, తనొకటి, వాడొకటి అని. ఇద్దరే కనుక లెక్క చిటికెలో అయిపోయేది. భయం మాత్రం మళ్ళీ లెక్క పెట్టుకునేదాకా కూడా ఆగేది కాదు.

ఆ ఇల్లు దిక్కులేని పిల్లల కోసం ఊళ్ళోని అమ్మగార్లు కొందరు కలిసి నడుపుతున్నది. మగపిల్లలు పై అంతస్తులో, ఆడపిల్లలు కింద. పగలు మాత్రం ఫెస్టీ బట్టలుతికే గదిలోనే కాలక్షేపం చేసేవాడు. ఉతికిన దుప్పట్లు పెట్టే పెద్ద తీగల బుట్టలో కూర్చుని, అది ఓడ అనుకుని, నేలంతా సముద్రం చేసేవాడు. నాబ్లా దుప్పట్లు పిండే మర పిడి తిప్పేది. అటువైపు నుంచి దుప్పటి అందుకునేది గోబ్నెట్.

గోబ్నెట్ ఐర్లండ్‌లోని కెర్రీ నుంచి వచ్చి పదేళ్ళయింది. మోచేతులదాకా ఎర్రగా ఉడికిన చేతులు, గది దాటి వీధిలోకి వినబడే గొంతు. ఆమె పేరు ఈ ఊళ్ళో ఎవరికీ నోరు తిరగక అబీ అని పిలిచేవాళ్ళు. ఐరిష్‌లో మాట్లాడడానికి గాల్వే పక్క కొనమారా నుంచి వచ్చిన నాబ్లా దొరికినందుకు ఆమెకు లోపల ఎంతో సంతోషం, పైకి మాత్రం వెక్కిరింతే.

"మీ కొనమారా వాళ్ళ మాట వింటుంటే బకెట్లో గులకరాళ్ళు పోసి ఊపినట్టుంటుందే పిల్లా."

"మీ కెర్రీ మాట పాటలా ఉంటుంది పెద్దమ్మా. పాట అయ్యాక గానీ ఏం చెప్పారో తెలీదు."

"నోరు చూడు దీనికి! తిప్పు, తిప్పు. దుప్పటి నీ కబుర్లు వింటూ కూర్చుంది."

అలా నాలుగు వారాలు గడిచాయి. బాధ తగ్గిందని కాదు, దాని పక్కన కూర్చుని గంజి తాగడం అలవాటైంది. ఆ గంజి పసుపుపచ్చ మొక్కజొన్న గంజి. ఫెస్టీకి అదంటే అసహ్యం. "ఇది కోడిపిల్లలకి పెట్టేది," అని ప్రతిరోజూ ప్రకటించి, ప్రతిరోజూ గిన్నె నాకేవాడు.

ఇప్పుడు ఆ ఇంటి పుస్తకం సంగతి చెప్పాలి. అసలు కథంతా అందులోంచే వచ్చింది.

పిల్లలు వచ్చిన రోజున గుమాస్తా టటిల్ గారు బల్ల దగ్గర కూర్చుని ఒక్కొక్కరి పేరు అడిగి రాసుకున్నాడు. పెద్దాయన, నిదానస్థుడు. చెవికి ఏది వినబడితే అది గుండ్రని అక్షరాలతో రాస్తాడు. ముందు ఫెస్టీని అడిగాడు. వాడు తల్లి నేర్పినట్టే నిటారుగా నిలబడి, "ఫెస్టీ ఓ ఫాహర్తా," అన్నాడు. ఆయన ఇంగ్లీషు 'ఎఫ్' అక్షరం పేజీ తీసి, ఫెస్టస్ ఫాహర్టీ అని రాశాడు. వాడి వెనక వరసలో ఇంకో ఓడ పిల్లలు నలుగురున్నారు. వాళ్ళందరూ అయ్యాక నాబ్లా వంతు వచ్చింది. "నాబ్లా నీ ఆహర్తా," అంది. ఆయన 'ఎన్' అక్షరం పేజీ తిప్పి, అనబెల్ నియార్టీ అని రాశాడు.

ఇద్దరూ నిజమే చెప్పారు. వాళ్ళ భాషలో ఒకే ఇంటిపేరు అబ్బాయికొకలా, అమ్మాయికొకలా ఉంటుంది. మగవాడి పేరుకు ముందు 'ఓ' వస్తుంది, అంటే మనవడని. ఆడపిల్లకు 'నీ' వస్తుంది, అంటే కూతురని. అంతటితో ఆగదు. ఆ 'నీ' వచ్చి నిలబడేసరికి వెనకున్న 'ఫ' కాస్తా నోరు మూసుకుని మాయమైపోతుంది. ఓ ఫాహర్తా చెల్లెలు నీ ఆహర్తా, అక్కా నీ ఆహర్తాయే. కొనమారాలో నడవడం వచ్చిన ప్రతి పిల్లకూ ఇది తెలుసు. బోస్టన్‌లో పుస్తకం రాసే పెద్దమనిషికి ఎలా తెలుస్తుంది?

అలా అక్కాతమ్ముళ్ళ మధ్య ఏడు అక్షరాల పేజీలు వచ్చి పడ్డాయి. నాబ్లాకు ఆ సంగతే తెలియదు.

ఒక గురువారం మధ్యాహ్నం మిస్ పెల్హమ్ బట్టల గదిలోకి వచ్చింది. ఇంటి పెత్తనం ఆవిడదే. సన్నగా, పొడుగ్గా ఉంటుంది. ఎవరైనా పిల్లవాడు దగ్గితే రాసుకునే పని వదిలేసి మరీ వెళ్ళి చూస్తుంది.

"అనబెల్, ఫెస్టస్ బట్టలు ఇవాళ ఉతికి ఆరెయ్యమ్మా. రేపు పొద్దున వాణ్ణి తీసుకెళ్ళడానికి వస్తున్నారు. స్టెబిన్స్ దంపతులు, మంచివాళ్ళు. ఆపిల్ తోట ఉంది, ఆవులున్నాయి. పిల్లలు లేరు."

నాబ్లాకు ఇంగ్లీషు కొంచెమే వచ్చు. ఆ కొంచెంలో రేపు, ఆపిల్, ఆవులు ఉన్నాయి. ముఖం విప్పారింది.

"నావి కూడా ఉతుకుతానండీ. ఒక్క గౌనే కదా, తెల్లారేసరికి ఆరిపోతుంది."

"నీవెందుకు?"

"నేనూ వెళ్తాను కదండీ."

మిస్ పెల్హమ్ బుట్టలో ఉన్న ఫెస్టీని చూసి, గొంతు తగ్గించింది. "నువ్వు కాదమ్మా. వాడొక్కడే. వాళ్ళు చిన్న అబ్బాయిని ఒక్కణ్ణే అడిగారు."

"వాడు నా తమ్ముడు."

ఈ మాట ఆవిడ ఈ ఇంట్లో చాలామంది నోట విన్నది. ఒకే ఓడలో ఆరు వారాలు ఒకే చెక్క మీద పడుకున్న పిల్లలు దిగేసరికి అన్నదమ్ములై దిగుతారు. వాళ్ళది అబద్ధం కాదు, ఆశ. ఆవిడ ముందున్న తొట్టె అంచున కూర్చుంది.

"చూడమ్మా. తోబుట్టువుల్ని విడదీయకూడదని ఈ ఇంట్లో నియమం ఉంది. రాసింది నేనే. కానీ పుస్తకంలో మీరు తోబుట్టువులు కారు. సరే, రాసేటప్పుడు పొరపాటు జరిగిందేమో. నువ్వే చెప్పు. నీ ఇంటిపేరు ఫాహర్టీయేనా?"

నాబ్లా కంగారుపడింది. "కాదు, కాదు. అది ఫెస్టీది."

"మరి నీది?"

"నీ ఆహర్తా."

"మీ నాన్నది?"

"ఓ ఫాహర్తా."

"అంటే మీ నాన్న పేరు నీకు లేదు."

"నాకెలా ఉంటుందండీ? నేను ఆడపిల్లను!"

మిస్ పెల్హమ్ నుదురు రుద్దుకుంది. "మీ అమ్మది?"

"నీ ఖొనీలా."

"ఒక్క ఇంట్లో మూడు ఇంటిపేర్లా?"

"అవునండీ. మా ఊళ్ళో అందరిళ్ళలోనూ అంతే."

"అనబెల్, బాగా ఆలోచించుకో. నీ పేరు ఫాహర్టీ అంటే ఇప్పుడే వెళ్ళి పుస్తకం దిద్దిస్తాను. అది నిజమేనా?"

నాబ్లా ఆలోచించింది. 'ఓ' పెట్టుకుని పేరు చెప్పడమంటే నేను మగపిల్లాణ్ణి అని చెప్పడమే. ఇంత మంచి అమ్మగారు, దగ్గితే వచ్చి చూసే అమ్మగారు, నిజం చెప్పమని అడుగుతోంది. అబద్ధం చెబితే తెలిసిపోతుంది, తెలిస్తే తన మాట ఇంకెప్పుడూ నమ్మదు.

"నిజం కాదండీ," అంది.

మిస్ పెల్హమ్ ఆమె తల నిమిరింది. "నిజం చెప్పావు. అది గొప్ప విషయం," అని కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయింది.

నాబ్లా అక్కడే నిలబడిపోయింది. నిజం చెబితే తలుపు తెరుచుకోవాలి గదా, ఇదేమిటి, మూసుకుంది? తడి దుప్పటి మర రోలర్ల మధ్య సగం అటూ సగం ఇటూ వేలాడుతోంది.

నీలిమందు డబ్బాతో గోబ్నెట్ లోపలికి వచ్చింది. "ఏమైందే? ఆవిడ ఏడుస్తోంది, నువ్వు ఏడుస్తున్నావు. ఎవరు చచ్చారు?"

నాబ్లా చెప్పింది. ప్రశ్నకు ప్రశ్న, జవాబుకు జవాబు, ఒక్కటీ వదలకుండా చెప్పింది. "నేను ఆడపిల్లను" అన్న చోటికి వచ్చేసరికి గోబ్నెట్ మర మీద వాలిపోయి నవ్వింది. పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఒక్కసారిగా ఆగిపోయింది.

"ఓసి పిచ్చి మొహమా! వాళ్ళ ఇళ్ళలో అమ్మకీ నాన్నకీ కొడుక్కీ కూతురికీ కుక్కకీ కూడా ఒకటే ఇంటిపేరే! నీ నోటితో నువ్వే నీ తమ్ముణ్ణి ఇచ్చేశావు కదే!"

"నాకేం తెలుసు పెద్దమ్మా!" అంటూ నాబ్లా గౌను అంచుతో కళ్ళు తుడుచుకుంది.

"ఏడవకు. నేను చెబుతాను ఆవిడకి." గోబ్నెట్ చేతులు తుడుచుకుని మెట్లెక్కింది. ఆమె గొంతు కిందిదాకా వినబడింది, ఆ తర్వాత వినబడలేదు. తిరిగి వచ్చినప్పుడు మెట్లు దిగిన తీరులోనే నాబ్లాకు సంగతి తెలిసింది.

"నమ్మలేదా?"

"నమ్మలేదు. తప్పు ఆవిడది కాదులే." గోబ్నెట్ తిరగేసిన బకెట్ మీద కూర్చుంది. "పోయిన శీతాకాలం ముగ్గురు ఆడపిల్లలు వచ్చారు. ముగ్గురూ ఒక్క తల్లి పిల్లలని ఒట్టేసి చెప్పాను. తర్వాత తేలింది, ఒకతిది కార్క్, ఒకతిది క్లేర్, మూడోది జర్మనీ పిల్ల."

"జర్మనీ పిల్లా!"

"జుట్టు మనవాళ్ళలాగే ఎర్రగా ఉందే! నేనేం చేసేది? ముగ్గురూ ఒకే దుప్పట్లో ముడుచుకుని పడుకునేవాళ్ళు. విడదీస్తుంటే చూడలేకపోయాను. మా తమ్ముణ్ణి క్విబెక్ రేవులో వేరే పడవ ఎక్కించారు, పదేళ్ళయింది. అందుకని ఎవరి చెయ్యి ఎవరు పట్టుకున్నా ఒట్టేసెయ్యడమే నాకు అలవాటు. 'అబీ, నీ ఒట్టు నాకొద్దు' అంది ఆవిడ. ఏం చెప్పను?"

బుట్టలోంచి ఫెస్టీ తల ఎత్తాడు. "జర్మనీ ఎక్కడ?"

"నీ ముక్కు కింద. రా ఇటు, తుడుస్తాను," అంది గోబ్నెట్. వాడి ముక్కు నొప్పిపుట్టేలా తుడిచింది.

మర్నాడు పొద్దున ఎనిమిదింటికల్లా స్టెబిన్స్ దంపతుల బండి వాకిట్లో ఆగింది. ఆయన తలుపుకు పట్టనంత మనిషి, మాట తక్కువ. ఆవిడ పొట్టిగా, బుగ్గలు ఎర్రగా, చేతిలో ఒక ఆపిల్ పట్టుకుని వచ్చింది. ఎవరికి ఇవ్వాలో తెలియనట్టు దాన్ని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంటోంది. ఫెస్టీకి జుట్టు తడిపి దువ్వారు. వాడు నాబ్లా గౌను పట్టుకుని నిలబడి ఆపిల్ వంకే చూస్తున్నాడు. వాడికి ఇంకా ఎవరూ ఏమీ చెప్పలేదు. చెప్పడానికి నాబ్లాకు నోరు రాలేదు.

లోపలి గదిలో బల్ల దగ్గర టటిల్ గారు పుస్తకం తెరిచి, ఫెస్టస్ ఫాహర్టీ పేరు మీద వేలు పెట్టాడు. అప్పుడే గోబ్నెట్ తలుపు తోసుకుని వచ్చింది. ముందున్న తడి ఏప్రాన్ విప్పలేదు సరికదా, పలకరింపు కూడా లేదు.

"అమ్మగారూ, ఒక్క మాట. నన్ను నమ్మొద్దు. ఆ పిల్లను కూడా నమ్మొద్దు. ప్రశ్న మార్చండి, చాలు."

"అబీ, నిన్ననే చెప్పాను కదా."

"వినండమ్మగారూ. మా దేశంలో పిల్లల్ని నీ పేరేమిటని ఎవరూ అడగరు. అడిగి ఏం లాభం? ఊళ్ళో పదిమంది ఫెస్టీలుంటారు, సగం ఊరికి ఒకటే ఇంటిపేరు. 'ఎవరి పిల్లాడివిరా' అని అడుగుతారు. మాటలొచ్చిన ప్రతి పిల్లాడూ దానికి జవాబు చెబుతాడు. ఇద్దర్నీ విడివిడిగా అడగండి. నేను బయటే ఉంటాను, కావాలంటే టటిల్ గారిని నాకు కాపలా పెట్టండి."

మిస్ పెల్హమ్ చాలాసేపు గోబ్నెట్‌ని చూసింది. తర్వాత స్టెబిన్స్ ఆవిడను చూసింది. ఆవిడ తల ఊపింది.

"మీ భాషలో ఎలా అడగాలి?"

"కే లేష్ హూ."

"కేలేషూ?"

"బాగానే ఉంది. తుమ్మినట్టుంది, అయినా వాడికి అర్థమవుతుంది."

ఫెస్టీని లోపలే ఉంచారు. నాబ్లా, గోబ్నెట్, టటిల్ గారు నడవా చివరికి వెళ్ళి నిలబడ్డారు. తలుపు మూసుకుంది. తాను లేని గదిలో వాడు ఉండడం నాబ్లాకు దుప్పటి లాగేసినట్టనిపించింది. గోబ్నెట్ ఏప్రాన్ అంచు పిండుతూ నిలబడింది.  టటిల్ గారు గొంతు సవరించుకుని, "నేను వినబడ్డదే రాశానమ్మా," అన్నాడు.

తలుపు తెరుచుకుంది. ఫెస్టీ స్టెబిన్స్ ఆవిడ ఒళ్ళో కూర్చుని ఆపిల్ కొరుకుతున్నాడు. ఆవిడ మాట్లాడొద్దన్నట్టు వాడి పెదవుల మీద వేలు పెట్టింది. మిస్ పెల్హమ్ చేతిలో ఒక కాగితం.

"అనబెల్. కేలేషూ?"

ఎన్నాళ్ళయిందో ఆ మాట విని. వాగు దాటుతుంటే ముసలమ్మలు అడిగేవాళ్ళు, సంతలో చేపలవాళ్ళు అడిగేవాళ్ళు. నాబ్లా వెన్ను తనంతట తానే నిటారయింది.

"నాబ్లా, బార్ట్లే కూతురు. బార్ట్లే, మార్టిన్ కొడుకు. మార్టిన్, టైగ్ కొడుకు. టైగ్, ఏమన్ కొడుకు. ఏమన్, కోలమ్ కొడుకు. కోలమ్ పడవ కట్టుకుని దీవి నుంచి వచ్చాడు, అంతకు ముందు సంగతి తెలీదు."

మిస్ పెల్హమ్ కాగితం మీద వేలు జరుపుతూ వింటోంది. బార్ట్లే. మార్టిన్. అక్కడ వేలు ఆగింది. ఆవిడ ముఖంలో వెలుతురు తగ్గడం నాబ్లా చూసింది.

"నువ్వు అయిదుగురు పెద్దలను చెప్పావమ్మా. వాడు ఆరుగురిని చెప్పాడు."

"అయిదుగురేనండీ."

"మధ్యలో ఇంకొకరున్నారు. మార్టిన్ తర్వాత, టైగ్‌కు ముందు. నీ వరసలో ఆయన లేడు." ఆవిడ నిట్టూర్చింది. "దగ్గర బంధువులేమో. పినతండ్రి పిల్లలేమో..."

మార్టిన్ తర్వాత. నాబ్లా కళ్ళు పెద్దవయ్యాయి.

"నెడీ అన్నాడా?" అంది. "అమ్మగారూ, వాడు నెడీ అన్నాడు, కదూ!"

మిస్ పెల్హమ్ కాగితాన్ని చూసింది. దాన్ని ఎవరికీ చూపించలేదు, పైకి చదవనూ లేదు. "ఎవరు ఈ నెడీ?" అని మెల్లగా అడిగింది.

"మా తాత గాడిదండీ."

 నాబ్లా ఆగలేకపోయింది, ఇంగ్లీషు ఎక్కడ తెగితే అక్కడ ఐరిష్ అతికిస్తూ చెప్పుకుపోయింది. ఆ ఐరిష్ ముక్కల్ని గోబ్నెట్ గుమ్మంలోంచి మెల్లగా ఇంగ్లీషులో తెలియజెప్పింది.

"మార్టిన్ మా తాత. ఎక్కడికి వెళ్ళినా నెడీతోనే వెళ్ళేవాడు. ఊళ్ళో అందరూ 'మార్టిన్ నెడీ, మార్టిన్ నెడీ' అనేవాళ్ళు. ఫెస్టీ చిన్నవాడు కదండీ, నెడీ అంటే మార్టిన్ వాళ్ళ నాన్న అనుకున్నాడు. వరస చెప్పినప్పుడల్లా నెడీని పెట్టేవాడు. మా నాయనమ్మ నవ్వి నవ్వి దగ్గేది. ఆ కరువు శీతాకాలం మా ఇంట్లో నవ్వొచ్చే సంగతి అదొక్కటే. అందుకని ఎవరూ వాణ్ణి దిద్దలేదు."

మిస్ పెల్హమ్ కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. తరువాత దాన్ని టటిల్ గారికి ఇచ్చింది. ఆయన చదివి, కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

ఒళ్ళోంచి ఫెస్టీ దిగాడు. వాడికి ఇంగ్లీషు తెలియకపోయినా అక్క మధ్యమధ్య చెప్పిన ఐరిష్ తెలిసింది. ముఖం కందగడ్డలా ఉంది.

"నెడీ గాడిదా?"

"గాడిదేరా నాయనా," అంది నాబ్లా.

"నాకు తెలుసు గాడిదని! గాడిద తాత కాకూడదా?"

అప్పటిదాకా గోడలా నిలబడ్డ స్టెబిన్స్ గారికి గోబ్నెట్ ఆ మాట ఇంగ్లీషులో చెప్పింది. ఆయన నవ్వితే కిటికీ అద్దాలు గలగలమన్నాయి. "మా వంశంలోనూ ఇద్దరు ముగ్గురున్నారు," అన్నాడు.

ఆ నెడీ ఏమయ్యాడో ఫెస్టీకి తెలియదు. కరువు రెండో శీతాకాలంలో ఒక పొద్దున కొట్టం ఖాళీగా ఉంది, ఆ వారమంతా ఇంట్లో పొయ్యి మీద మాంసం కుండ ఉంది. నాబ్లా ఆ సంగతి వాడికి ఎన్నడూ చెప్పలేదు, ఆ రోజూ చెప్పలేదు.

మిస్ పెల్హమ్ లేచింది. "స్టెబిన్స్ గారూ, క్షమించండి. నియమం నియమమే. వీణ్ణి ఒక్కణ్ణీ ఇవ్వలేను. ఇంకో అబ్బాయి ఉన్నాడు, పేరు..."

నాబ్లా మళ్ళీ లెక్క చూసుకుంది. ఫెస్టీ దక్కాడు, కానీ ఆపిల్ తోట పోయింది, వాడి ఆవులు పోయాయి. పోతే పోనీ.

స్టెబిన్స్ ఆవిడ తన ఒడిలో ఫెస్టీ వదిలేసిన ఆపిల్ ముక్కను చూసుకుంది. "ఎలియట్," అంది భర్తతో, "బండిలో చోటుందిగా."

"ఒక్కణ్ణి అనుకుని వచ్చాం. వెనక విత్తనాల బస్తాలున్నాయి."

"బస్తాల మీద కూర్చుంటారు."

"గుర్రం ముసలిది."

"అయితే గుర్రంతో మాట్లాడు, నాతో కాదు. నేను వాణ్ణి వదిలి వెళ్ళను, వాడు ఆ పిల్లను వదిలి రాడు. చూడటం లేదూ?"

స్టెబిన్స్ గారు టోపీ చేతిలో తిప్పుతూ నాబ్లా వంక తిరిగాడు. "పాలు పితకడం వచ్చా?"

"పితుకుతాను," అంది నాబ్లా. వాళ్ళ భాషలో అవును అనే మాట విడిగా లేదు. అడిగిన పనినే తిరిగి చెబుతారు. "పితుకుతాను. వెన్న తీస్తాను. వాణ్ణి చూసుకుంటాను."

"సరే మరి," అన్నాడాయన. ఆయన దగ్గర అది పెద్ద ఉపన్యాసం.

టటిల్ గారు కలం సిరాలో ముంచాడు. "ఇద్దరినీ ఒకే వరసలో రాయాలి. ఒక ఇంటికి ఒకటే ఇంటిపేరు పట్టేది ఈ పుస్తకంలో. ఏది రాయను? ఫాహర్టీయా, నియార్టీయా?"

గోబ్నెట్ ఐరిష్‌లో తెలియజెప్పగానే ఫెస్టీ గట్టిగా అరిచాడు. "నాకు 'నీ' వద్దు! నేను ఆడపిల్లను కాను!"

అందరూ నాబ్లా వైపు చూశారు. ఆమె నోట్లో ఆ చిన్న మాట ఉంది. కూతురు అని చెప్పే మాట. తల్లి పేరులోనూ ఉండేది, నాయనమ్మ పేరులోనూ ఉండేది. వాళ్ళిద్దరూ లేరు, వాళ్ళు కప్పిన ఆ ఒక్క శాలువా మిగిలింది. దాన్ని ఇక్కడ ఈ బల్ల దగ్గర విప్పి పెట్టాలి. తర్వాత ఎక్కడ వెతుక్కుంటుంది?

"ఫాహర్టీ అని రాయండి," అంది.

మిస్ పెల్హమ్ వంగి ఆమె కళ్ళలోకి చూసింది. "నిన్న అది నిజం కాదన్నావు."

"మా ఊళ్ళో నిజం కాదండీ. ఇక్కడ నిజమేమో."

కలం గరగరమంది. అయిపోయింది. అంత చిన్న పనికి అంత తక్కువ చప్పుడు.

వాకిట్లో గోబ్నెట్ ఇద్దరినీ బస్తాల మీదికి ఎక్కించింది. ఉతికిన బట్టల మూట ఒళ్ళో పెట్టింది. కొంగు లాంటి ఆ తడి ఏప్రాన్‌తో ముఖం తుడుచుకుంది.

"పేరు పోయిందని దిగులుపడకే. నన్ను అబీని చేశారు, చచ్చానా? బట్టలే ఉతుకుతున్నాను." ఆమె దగ్గరికి జరిగి గొంతు తగ్గించింది. "లోపల మాత్రం ఉంచుకో. ప్రార్థన చేసుకునేటప్పుడు అసలు పేరే చెప్పు, దేవుడు ఇంగ్లీషు పుస్తకం చూసి వెతుక్కోడు."

"పెద్దమ్మా, మీరూ రండి."

"వస్తే దుప్పట్లు ఎవరు పిండుతారు? పో, పో. వెనక్కి తిరిగి చూడకు, మెడ పడుతుంది."

బండి కదిలింది. నాబ్లా వెనక్కి తిరిగి చూసింది. మెడ నిజంగానే పట్టేదాకా చూసింది. గోబ్నెట్ వీధి మలుపుదాకా చెయ్యి ఊపుతూనే ఉంది. ఆ చెయ్యి దూరానికి ఎర్ర జెండాలా కనిపించింది, ఆ తర్వాత ఇళ్ళు అడ్డొచ్చాయి.

ఊరు దాటాక గాలి మారింది. కోసిన గడ్డి వాసన, దూరంగా పొగ వాసన. ఫెస్టీ చాలాసేపు ఏదో ఆలోచిస్తూ కూర్చున్నాడు. వాడు అంతసేపు మాట్లాడకుండా ఉంటే నాబ్లాకు జ్వరమేమోనని భయం. నుదురు ముట్టి చూసింది. చల్లగానే ఉంది.

"నాబ్లా."

"ఊఁ."

"నువ్విప్పుడు ఓ ఫాహర్తావా?"

"పుస్తకంలో."

"అంటే మగపిల్లాడివా?"

"పుస్తకంలో అంతే మరి."

వాడు ఆ సంగతిని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. సాయంత్రానికి రాతిగోడ మధ్య ఒక పెద్ద చెక్క గేటు ముందు బండి ఆగింది. అవతల చెట్లు ఎర్రగా కాసి ఉన్నాయి. స్టెబిన్స్ గారు ముందు నుంచే కేక వేశాడు. "అబ్బాయ్, దిగి గేటు తియ్యి."

నాలుగు వారాలుగా ఆ ఇంట్లో విన్న 'అబ్బాయ్' అన్న మాటా, ఎదురుగా ఉన్న గేటూ చాలు, ఫెస్టీకి సంగతి అర్థమైంది. కాళ్ళు బస్తా మీద ఇంకాస్త చాపుకుని, అక్కను మోచేత్తో పొడిచాడు.

"నిన్నే, దిగు. నేను పోయినసారి మగపిల్లాణ్ణి. ఈసారి నీ వంతు."

నాబ్లా వాడి చెయ్యి పట్టుకుని లాగింది. ఇద్దరూ గడ్డిలోకి దూకారు.